పళ్లు తక్కువైతే ఎండతో జాగ్రత్త

సింధ్ ప్రాంతంలోని ఒక కుటుంబంలో నాలుగు తరాల్లో పదిమంది మగవారికి పన్నెండేసి పళ్లే ఉన్నాయని, ఎండాకాలంలో వారి చర్మం బాగా పొడిబారేదని చార్లెస్ డార్విన్ 1875లో రాశారు. కూతుళ్లకు ఈ లోపం లేదు. వారి కొడుకులకు మాత్రం వచ్చింది.

ఈ లక్షణాలున్న వంశపారంపర్య వ్యాధిని నేడు హైపోహైడ్రోటిక్ ఎక్టోడెర్మల్ డిస్‌ప్లేసియా అంటారు. ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉండే ఈడీఏ జన్యువులో లోపమే దీనికి ముఖ్య కారణం. గర్భంలోని శిశువుకు పళ్లు, వెంట్రుకలు, స్వేద గ్రంథులు సరిగా ఏర్పడాలంటే ఈ జన్యువు అందించే సంకేతం కావాలి. ఆడవారికి రెండు ఎక్స్ క్రోమోజోములు ఉంటాయి కనుక వారిలో లక్షణాలు సాధారణంగా స్వల్పంగానే ఉంటాయి.

పళ్లు ఆలస్యంగా, మొనదేలి, కొన్నే వచ్చిన పిల్లలకు చెమట పడుతోందో లేదో గమనించాలి. పట్టకపోతే ఎండలో ఒంటి వేడి ప్రమాదకరంగా పెరుగుతుంది. కట్టుడు పళ్లు తర్వాతైనా పెట్టించవచ్చు; నీడ, నీళ్లు, తడిబట్ట మాత్రం మొదటి వేసవి నుంచే కావాలి.