కరెంటు పోయినా ఆగని కంప్యూటర్: బస్తర్ ఆఫీసుల్లో బ్యాటరీ లెక్క

బస్తర్‌లో తహసీల్ ఆఫీసుకు కుల ధ్రువపత్రం కోసమో, భూమి రికార్డు నకలు కోసమో వచ్చే మనిషి చాలాసార్లు ఆ ఒక్క పనికే ఒక రోజు కూలి వదులుకుంటాడు. అడవి దారిలో కొంత నడక, తర్వాత జీపు, ఆఫీసు ముందు వరస. అతని వంతు వచ్చేసరికి కరెంటు పోతే, టేబుల్ కింద ఉన్న యూపీఎస్ రెండు నిమిషాలు కూతపెట్టి ఆగిపోతే, "రేపు రా" అన్న మాటే మిగులుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో భూమి రికార్డులు ‘భుయ్యా’ అనే కంప్యూటర్ వ్యవస్థలోకి వెళ్లాయి. ధ్రువపత్రాలూ ఆన్‌లైన్‌లోనే వస్తున్నాయి. కాగితపు రిజిస్టర్ ఉన్న రోజుల్లో కరెంటు పోతే కిటికీ తెరిస్తే సరిపోయేది. ఇప్పుడు ఆ వీలు లేదు.

బస్తర్ డివిజన్‌లో 7 జిల్లాలున్నాయి. దక్షిణాన కోంటా, భోపాలపట్నం వైపు వెళ్తే తెలుగు మాట వినబడుతుంది, అవతల తెలంగాణ, ఆంధ్రప్రదేశ్. దట్టమైన సాల వనాల మీదుగా సాగే కరెంటు తీగలపై గాలివానకు కొమ్మ విరిగిపడితే, తెగిన చోటు వెతకడానికే సమయం పడుతుంది. దానికి తోడు ఈ నేల చూసిన సంఘర్షణ. 2007 మే 31న మావోయిస్టులు నారాయణపూర్ ప్రాంతంలో మూడు హైటెన్షన్ టవర్లను పేల్చేయడంతో బస్తర్ ప్రాంతం దాదాపు వారం రోజులు చీకట్లో ఉండిపోయింది. ఆసుపత్రులు, ఫోన్లు, రైళ్లు, ఇనుప ఖనిజం గనులు అన్నీ దెబ్బతిన్నాయి. అంత పెద్ద గండాన్ని ఏ ఆఫీసు యూపీఎస్సూ కాయలేదు. రోజూ వచ్చే గంట, రెండు గంటల కోతను కాయగలదు, సరిగా చూసుకుంటేనే.

కంప్యూటర్ లోపలి పవర్ సప్లై కరెంటు ఆగాక సుమారు 16 మిల్లీ సెకన్లు మాత్రమే నెట్టుకురాగలదు. మన 50 హెర్ట్జ్ సరఫరాలో ఒక ఆవర్తనానికే 20 మిల్లీ సెకన్లు పడుతుంది. చిన్న ఆఫీసుల్లో ఉండే లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ కొన్ని మిల్లీ సెకన్లలో బ్యాటరీకి మారుతుంది కాబట్టి కంప్యూటర్‌కు తెలియదు. ఆన్‌లైన్ యూపీఎస్‌లో ఆ మార్పే ఉండదు. వచ్చే కరెంటును ముందు డీసీగా, మళ్లీ ఏసీగా మార్చి ఇస్తుంది కనుక వోల్టేజీ ఊగిసలాట కూడా కంప్యూటర్ దాకా రాదు. దూరపు లైన్ల చివర ఉండే ఆఫీసులకు ఇదే నయం.

అసలు తిరకాసు బ్యాటరీల దగ్గరే ఉంది. పది కంప్యూటర్లు, ఒక రౌటర్, ఒక స్విచ్ ఉన్న ఆఫీసు తీసుకుందాం. ఒక్కో కంప్యూటర్, దాని తెర కలిపి 100 వాట్లు అనుకుంటే మొత్తం దాదాపు 1,050 వాట్లు. యూపీఎస్ తన వంతుగా కొంత వృథా చేస్తుంది కనుక బ్యాటరీల నుంచి సుమారు 1,170 వాట్లు లాగాలి. 12 వోల్టుల, 26 ఆంపియర్ అవర్ బ్యాటరీలు ఎనిమిది వరసగా కలిపితే 96 వోల్టులు, కాగితం మీద సుమారు 2,500 వాట్ అవర్లు. అంటే రెండు గంటలు దాటి రావాలి. కానీ బ్యాటరీ మీద రాసిన ఆ 26 అనే అంకె, 20 గంటల పాటు నెమ్మదిగా వాడితే వచ్చేది. ఒక్కసారిగా లాగితే సీసం పలకల లోపలి పదార్థం పూర్తిగా పనిలోకి రాకముందే వోల్టేజీ పడిపోతుంది. ఈ లోడుకు మూడింట రెండు వంతులు దక్కితే గొప్ప. రెండు గంటలు కాస్తా గంటా ఇరవై నిమిషాలవుతుంది, అదీ బ్యాటరీలు కొత్తవైతే.

ఇప్పుడు అదే బ్యాటరీలతో, కరెంటు పోగానే మూడు కంప్యూటర్లు, రౌటర్, స్విచ్ మాత్రమే నడిపి మిగతావి ఆపేద్దాం. లోడు మూడో వంతుకు తగ్గుతుంది. నడిచే సమయం మాత్రం మూడు రెట్లు కాదు, దాదాపు నాలుగు రెట్లు, ఐదు గంటల పైచిలుకు. నెమ్మదిగా వాడితే బ్యాటరీ ఎక్కువ ఇస్తుంది కాబట్టే ఈ లాభం. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా వచ్చేది. జనం వరసలో నిలబడే కౌంటర్లకు ఒక లైను, మిగతా టేబుళ్లకు వేరే లైను వేసి, రెండోదాన్ని ఆపేసే స్విచ్ గుమాస్తాకు అందేలా పెడితే చాలు. లేజర్ ప్రింటర్‌ను మాత్రం యూపీఎస్ మీద పెట్టకూడదు. దాని లోపలి హీటర్ వెలిగిన ప్రతిసారీ వందల వాట్లు లాగుతుంది. నకలు ఇవ్వాలంటే ప్రింటర్ కావాలి కదా అంటారా? కౌంటర్ దగ్గర తక్కువ కరెంటు తాగే ఇంక్ ప్రింటర్ ఒకటి ఉంచుకోవచ్చు.

గంటల తరబడి బ్యాకప్ కావాలని చాలా ఆఫీసులు బ్యాటరీలు పెంచుతాయి, చార్జర్ సంగతి మరిచిపోతాయి. చిన్న యూపీఎస్‌లోని చార్జర్ ఒక ఆంపియర్ ఇస్తే, ఖాళీ అయిన 26 ఆంపియర్ అవర్ బ్యాటరీ నిండడానికి ఒక రోజు పైనే పడుతుంది. ఈలోగా మళ్లీ కరెంటు పోతుంది. సగం నిండి, సగం ఖాళీ అవుతూ ఉండే సీసపు పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా పేరుకుంటుంది. అది తిరిగి కరగదు. బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు ఆంపియర్లన్నా ఇచ్చే చార్జర్ ఉండాలన్నది పాత నియమం.

వేడి రెండో శత్రువు. సీల్డ్ బ్యాటరీకి 25 డిగ్రీలు హాయి. ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు ఇంచుమించు సగమవుతుంది, నాలుగేళ్లది రెండేళ్లకే పోతుంది. జగదల్‌పూర్ పీఠభూమి మీద ఉంది కాబట్టి కింది మైదానాల కంటే కాస్త చల్లనే. కానీ సాయంత్రం తాళం పడిన రికార్డు గదిలో ఫ్యాను ఆగుతుంది, చార్జర్ ఆగదు. వేడికి తగ్గట్టు చార్జింగ్ వోల్టేజీని తగ్గించే ఏర్పాటు మంచి యూపీఎస్‌లో ఉంటుంది. దాని సెన్సర్ తీగను బ్యాటరీల దగ్గర కట్టాలి, ఎక్కడో గోడకు కాదు.

వరసలో ఒక్క బ్యాటరీ చెడితే ఎనిమిదీ పోయినట్టే. పచ్చ దీపం వెలుగుతూనే ఉంటుంది, కరెంటు పోయాకే గుట్టు తెలుస్తుంది. అందుకే నెలకోసారి ఒక్కో బ్యాటరీ వోల్టేజీ కొలిచి రాసుకోవడం, ఏడాదికి రెండుసార్లు సెలవు రోజున లోడు పెట్టి ఎంతసేపు నిలుస్తుందో చూడడం అవసరం. యూపీఎస్‌కు నెట్‌వర్క్ కార్డు ఉంటే ఈ అంకెలు జిల్లా కేంద్రానికి వాటంతటవే వెళ్తాయి, బ్యాటరీ అడుగంటుతుంటే కంప్యూటర్లు ఫైళ్లు భద్రపరచుకుని ఆగిపోతాయి. 2018 ఏప్రిల్ 14న ప్రధాని బీజాపూర్‌లో ‘బస్తర్ నెట్’ తొలి దశను ప్రారంభించాక ఏడు జిల్లాలకూ ఆప్టికల్ ఫైబర్ బాట పడింది. అయితే ఫైబర్ దారిలోని పరికరాలకూ కరెంటు కావాలి. ఆఫీసు బ్యాటరీ బతికి, దారిలోది చస్తే హెచ్చరిక చేరదు. గోడకు వేలాడే రిజిస్టర్‌ను అప్పుడే పారేయకపోవడం మంచిది.

ఈ పద్ధతికి రాష్ట్రంలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది, ఆఫీసులది కాదు, ఆసుపత్రులది. 2012–16 మధ్య ఛత్తీస్‌గఢ్ పునరుత్పాదక ఇంధన సంస్థ క్రెడా సుమారు 570 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు 2 కిలోవాట్ల సౌర పలకలు, బ్యాటరీలు అమర్చింది. సీఈఈడబ్ల్యూ అనే పరిశోధన సంస్థ 2017లో చేసిన అధ్యయనంలో, సౌరశక్తి ఉన్న కేంద్రాల్లో లేని వాటికంటే నెలకు దాదాపు రెట్టింపు కాన్పులు జరిగినట్టు తేలింది. ప్యానెళ్లు బిగించి వెళ్లిపోకుండా నిర్వహణ బాధ్యతనూ క్రెడా తన చేతిలో ఉంచుకుంది. తహసీల్ ఆఫీసు బ్యాటరీకి అలాంటి బాధ్యుడు ఎవరన్నది చాలాచోట్ల కొనుగోలు కాగితంలో కనిపించదు.

ఇక చచ్చిన బ్యాటరీలు. ఎనిమిదిలో ఒకటి పోతే ఆ ఒక్కటే మార్చడం పొదుపులా కనిపిస్తుంది. పాతవాటి అంతర్నిరోధం వేరు, కొత్తదాని తీరు వేరు, కొత్తది కూడా త్వరగా పాతబడుతుంది. వరస మొత్తం సగం వయసు దాటితే అన్నీ కలిపి మార్చడమే మేలు. తీసేసినవి స్టోర్‌రూమ్ మూలన పడి ఉండకూడదు, లోపల సీసం, గంధకామ్లం ఉన్నాయి. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారులదే. తిరుపతి దగ్గరి కరకంబాడిలో అమరరాజా తయారుచేసే బ్యాటరీకైనా, ఇంకెక్కడిదానికైనా ఇదే వర్తిస్తుంది. టెండర్‌లో పాతవి తీసుకెళ్లే షరతు, ప్రతి బ్యాటరీ మీద బిగించిన తేదీ రాయాలన్న షరతు ఉంటే, మూడేళ్ల తర్వాత వచ్చే కొత్త గుమాస్తా ఎవరినీ అడగనక్కర్లేదు.