మరుగుకు మరో మీట

అమెరికాలో ఇంటి అవసరానికి బీరు తయారుచేసుకోవడానికి ఫెడరల్ చట్టం దారి తెరిచింది 1978లో. మిసిసిపి, అలబామా మాత్రం 2013 దాకా ఒప్పుకోలేదు. (మన తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా ఇది నేరమే.) పెరట్లో గ్యాస్ బర్నర్ల మీద పెరిగిన ఆ సరదా ఇప్పుడు గరాజుల్లోకి, బేస్‌మెంట్లలోకి చేరి కరెంటు కుండలకు మారుతోంది.

కుండలో ఉండేది చాలాసార్లు గీజర్ కోసం చేసిన ఎలిమెంటే. 240 వోల్టుల మీద 5,500 వాట్లు, అంటే దాదాపు 23 ఆంపియర్లు. ముప్ఫై లీటర్ల నీళ్లను 20 డిగ్రీల నుంచి 67కు పావుగంట దాటాక కాసేపట్లోనే తెచ్చేస్తుంది. అంత బలాన్ని ఎవరి చేతికి అప్పగించాలి?

మొదటి పని మాల్ట్‌ను (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) గంటసేపు వేడినీళ్లలో నాననివ్వడం. గింజలోని పిండిపదార్థం చక్కెరగా మారేది అప్పుడే. 64 డిగ్రీల దగ్గర ఉంచితే బీరు పలచగా వస్తుంది, 69 దగ్గర ఉంచితే చిక్కదనం మిగులుతుంది. ఇంత సన్నని తేడాను పట్టుకోవడానికి పీఐడీ కంట్రోలర్ కావాలి. కోరిన వేడికి ఎంత దూరంలో ఉన్నామో, ఎంత వేగంగా దగ్గరవుతున్నామో చూసుకుంటూ అది కరెంటును తగ్గిస్తూ వస్తుంది.

తర్వాత ఆ రసాన్ని మరిగించే వేళకు ఆ తెలివి పనికిరాదు. నీరు మరుగుతున్నంతసేపూ వేడి ఒక్కచోటే నిలుస్తుంది, అదనపు కరెంటంతా ఆవిరై పోతుంది. అమెరికన్ హోమ్‌బ్రూయర్స్ అసోసియేషన్ పుట్టిన బౌల్డర్ ఊరే చూడండి. సముద్రమట్టానికి పదహారు వందల మీటర్ల పైన ఉంది, నీళ్లు 95 డిగ్రీల లోపే మరుగుతాయి. అక్కడ కంట్రోలర్‌ను 100కు పెడితే అది ఎన్నటికీ రాని అంకె కోసం పూర్తి బలంతో కాస్తూనే ఉంటుంది. మాల్ట్ రసం పాలలాగే పొంగి నేలపాలవుతుంది. ఈ దశలో అదుపు చేయాల్సింది బలాన్ని: 60 శాతమంటే కాలంలో నూటికి అరవై వంతులే కరెంటు. ఈ శాతం మీట లేని కంట్రోలర్‌ను, ఎంత చవకైనా, నేను కొనమనను.

ఇక ఎస్ఎస్ఆర్ (సాలిడ్ స్టేట్ రిలే). కంట్రోలర్ చెప్పినట్టు, చప్పుడు లేకుండా కరెంటును క్షణక్షణం కలిపి తెంచే స్విచ్చు ఇదే. 23 ఆంపియర్లకు తనే ఇరవై వాట్లకు పైగా వేడెక్కుతుంది. వీపున మంచి హీట్‌సింక్ లేకపోతే పైన అచ్చేసిన 40 ఆంపియర్లకు అర్థం లేదు. ఇంకో ప్రమాదం దాని చావులోనే ఉంది. కాలిపోయినప్పుడు తెగిపోవడం కాదు, ఎక్కువసార్లు అతుక్కుపోతుంది. డిస్‌ప్లే ‘ఆఫ్’ అంటుంటే ఎలిమెంట్ కాలుతూనే ఉంటుంది, కుండ ఖాళీగా ఉంటే ఎర్రబడుతుంది. అందుకే ఎస్ఎస్ఆర్‌కు ముందు, రెండు వైర్లనూ పూర్తిగా తెంచేసే కాంటాక్టర్, చేతికందే స్విచ్చు ఉండి తీరాలి. అయిదారు మిల్లీ ఆంపియర్లు లీకైనా ఆపేసే జీఎఫ్‌సీఐ బ్రేకర్ తప్పనిసరి. తడి చేతులతో చేసే పని ఇది. ఆకర్షణీయమైన టచ్‌స్క్రీన్‌కు పెట్టే డబ్బు ముందు వీటికి పెట్టండి. వైరింగ్ మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత చేయించాలి.

అంతా బిగించాక మొదటి రోజు కుండలో నీళ్లే పోయండి. బ్రేకర్ టెస్ట్ బటన్ నొక్కి చూడండి. నీళ్లు మరిగాక శాతాన్ని కొంచెం కొంచెం తగ్గిస్తూ, మరుగు ఆగకుండా పొర్లకుండా నిలిచే అంకెను పెట్టె మీద మార్కర్‌తో రాసుకోండి. కుండ మారితే ఆ అంకె మారుతుంది, మూత పెట్టినా మారుతుంది.