ఒక్క నీడకు రెండు మాటలు

తెలుగులో నీడ ఒక్కటే. వేపచెట్టు కింద మంచం వాల్చుకుంటే దొరికేదీ నీడే, సాయంత్రం పూట మనిషి వెనకాలే పొడుగ్గా సాగుతూ వచ్చేదీ నీడే. ఇంగ్లీషులో మొదటిది షేడ్, రెండోది షాడో. ఎండ తగలని చల్లని చోటు షేడ్. వెలుతురుకు అడ్డొచ్చిన వస్తువు ఆకారం నేలమీదో గోడమీదో పడితే అది షాడో. చంద్రగ్రహణం నాడు చంద్రుణ్ని కప్పేది భూమి షాడోనే, షేడ్ కాదు. ‘నిలువ నీడ లేదు’ అన్నప్పుడు మాత్రం ఈ రెండూ పనికిరావు, అక్కడ కావలసిన మాట షెల్టర్.

విచిత్రమేమిటంటే షేడ్, షాడో పుట్టుకతో ఒకే పదం. పాత ఇంగ్లీషులో నామవాచకాలకు విభక్తి రూపాలుండేవి. ప్రథమా విభక్తి రూపం నుంచి షేడ్, మిగతా విభక్తుల రూపం నుంచి షాడో దిగివచ్చాయి. తెలుగులో ‘కన్ను’ విభక్తి చేరేసరికి ‘కంటి’ అవుతుంది. ఆ రెండు రూపాలూ విడిపోయి చెరో అర్థం పంచుకుంటే ఎలా ఉంటుందో, ఇంగ్లీషు నీడ విషయంలో అదే జరిగింది.

అన్ని జంటల కథా ఇలా ఇంట్లోనే మొదలవలేదు. 1066లో నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లండ్‌ను జయించాక దొరల భాష ఫ్రెంచి అయింది. కోర్టుల్లో వాదనలు ఇంగ్లీషులో సాగాలని చట్టం రావడానికి 1362 దాకా పట్టింది. ఈలోగా ఫ్రెంచి మాటలు వెల్లువలా వచ్చి పాత మాటల పక్కన చేరాయి. మందలో ఉన్నంతసేపు గొర్రె షీప్, పళ్లెంలోకి వచ్చాక మటన్. (మేకమాంసాన్నీ మటన్ అనడం మన దేశపు వాడుక.) ఫ్రీడమ్ పాతమాట, లిబర్టీ ఫ్రెంచి నుంచి వచ్చింది. తెలుగుకూ ఈ అనుభవం ఉంది. ఇల్లు ఊడుస్తారు, గృహం ఊడవరు. చేసేది గృహప్రవేశం, ఇల్లుప్రవేశం కాదు. అర్థం ఒకటే అయినా మాటల స్నేహాలు వేరు.

తెలుగు చదువరిని ఎక్కువగా తికమక పెట్టేది లెక్క. వర్క్, జాబ్ రెండింటికీ పని అనే అర్థం చెప్పుకుంటారు. కానీ ఉద్యోగమో, చేయాల్సిన ఒక పనో అయితే జాబ్ అని ఒకటి, రెండు లెక్కపెట్టవచ్చు. ఆ అర్థంలో వర్క్‌ను లెక్కపెట్టడం కుదరదు, అది నీళ్లలాంటిది. ట్రావెల్ కూడా అంతే. లెక్కకు వచ్చేవి జర్నీ, ట్రిప్. ఒక రోజు ప్రయాణం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి జర్నీ వచ్చింది, అందుకే అందులో దారి, దూరం, పట్టిన సమయం కనిపిస్తాయి. ట్రిప్‌లో వెళ్లిన పని, తిరిగి రావడం ముఖ్యం. ఇక్కడ తెలుగు వాడుకే మంచి గురువు. ‘రెండు ట్రిప్పుల ఇసుక తోలాడు’ అన్నప్పుడు ట్రాక్టరు రెండుసార్లు వెళ్లి వచ్చిందని పల్లెలో ఎవరికైనా తెలుసు. ఆ వెళ్లిరావడమే ఇంగ్లీషు ట్రిప్.

ఎరువు తెచ్చుకున్న మాట ప్రతిసారీ ఇలా సాయపడదు. బస్సు ఛార్జీలు పెరిగాయని తెలుగులో అంటారు. అదే వార్త ఇంగ్లీషు పత్రికలో ఫేర్ అనే మాటతో వస్తుంది. మనిషి ప్రయాణానికి ఇచ్చేది ఫేర్, డాక్టరుకో లాయరుకో పరీక్షకో కట్టేది ఫీ, రోడ్డు వాడుకున్నందుకు కట్టేది టోల్. ఛార్జ్ చాలాచోట్ల సరిపోయే మాట, ఆ సౌలభ్యమే అసలు మాటను గుర్తుకు రానివ్వదు.

ప్రైస్, కాస్ట్ తేడా తెలుసుకోవడానికి నిఘంటువు కన్నా పొలం మేలు. విత్తనాలు, ఎరువులు, కూలీలు, నీటితడులు కలిపి రైతుకు అయ్యేది సాగు ఖర్చు, అంటే కాస్ట్. క్వింటాలుకు ప్రభుత్వం ప్రకటించేది మద్దతు ధర, అంటే ప్రైస్. ఒకటి రైతు చేతినుంచి పోయేది, మరొకటి చేతికి వచ్చేది. వ్యవసాయం మీద జరిగే వాదనలో అధికభాగం ఈ రెండు మాటల నడుమే నడుస్తుంది. వాటిని కలిపేసి అనువదిస్తే రైతు గోడే మాయమవుతుంది.

ఆసుపత్రి భాషలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. డాక్టరు పరీక్షించి పేరు పెట్టేది డిసీజ్, రోగి ఒంట్లో అనుభవించేది ఇల్‌నెస్. మొదటిది వ్యాధికి దగ్గర, రెండోది ‘ఒంట్లో బాగోలేదు’ అన్న మాటకు దగ్గర. సిక్‌నెస్ ఎక్కువగా వాంతి, వికారాలతో వస్తుంది. బస్సులో కడుపు తిప్పితే అది మోషన్ సిక్‌నెస్. అయినా గీత ఎప్పుడూ తిన్నగా ఉండదు. గుండెజబ్బుకు హార్ట్ డిసీజ్ అంటారు, మానసిక రుగ్మతకు మెంటల్ ఇల్‌నెస్ అంటారు.

నిఘంటువులు మాటల మధ్య ఉండే ఈ స్నేహాలను ఆలస్యంగా పట్టించుకున్నాయి. సి.పి.బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసులో వెలువడింది. అదే ఏడాది లండన్‌లో పీటర్ మార్క్ రోజెట్ థెసారస్ వచ్చింది. రోజెట్ దగ్గరి మాటలన్నిటినీ ఒక భావం కింద కుప్ప పోశాడు కానీ, ఏది ఎక్కడ వాడాలో చెప్పడం ఆయన పెట్టుకున్న పని కాదు. ఒక మాట అర్థంలో దాని తోడుమాటలకూ వాటా ఉందని 1950లలో బ్రిటిష్ భాషావేత్త జె.ఆర్.ఫర్త్ వాదించాడు. జాన్ సింక్లెయిర్ ఆ దారిలో సాగి, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్‌లోకి ఎక్కించిన కోట్ల మాటల వాడుకను పరిశీలించి 1987లో కోబిల్డ్ నిఘంటువు తెచ్చాడు. అందులో అర్థాన్ని నిండు వాక్యంలో పెట్టి చెబుతారు.

ఎంత వెతికినా అర్థభేదం తేలని జంటలు కొన్ని మిగులుతాయి. స్వాతంత్ర్య సమరయోధుడు ఫ్రీడమ్ ఫైటర్, న్యూయార్క్ రేవులో నిలిచిన విగ్రహం స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ. ఒకదాని చోట మరొకటి పెడితే వ్యాకరణం తప్పదు, అర్థమూ పెద్దగా మారదు. కానీ అలా ఎవరూ అనరు.