అలమర చిన్నదైతే.. అక్షరాలు ఎక్కడికి?

బళ్ళారి: ఇల్లు మారుతున్నామంటే మంచాలు, బీరువాలు, వంటసామాన్ల లెక్క ఒక పూటలో తేలిపోతుంది. ఎంతకీ తేలనిది పుస్తకాల లెక్కే. కౌల్‌బజారులోని ఓ పాత ఇంట్లో మూడు వారాలుగా అదే పంచాయితీ నడుస్తోంది. ఆ ఇంటి పెద్దాయన తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. వయసు డెబ్బై దాటింది. మేడ మెట్లు ఎక్కలేక దంపతులిద్దరూ బెంగళూరులో కొడుకు ఇంటికి దగ్గర్లోని రెండు గదుల ఫ్లాట్‌కు వెళుతున్నారు. అక్కడ పుస్తకాలకు దొరికేది ఒక్క గోడ అలమర. మహా అయితే రెండొందలు పడతాయి. ఇక్కడున్నవి పన్నెండు వందల పైమాటే.

'తూకానికి వేస్తే ఎంతొస్తుందప్పా? ఒక నెల పాలడబ్బులు కూడా రావు. అట్లని మోసుకుపోయేదెట్ల?' అంటారాయన. కొడుక్కి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. చదివిందంతా కన్నడ మీడియం. మనవరాలికి ఇంగ్లిషు తర్వాతే ఏదైనా. రేపు ఈ పుస్తకాలు వాళ్ళ చేతికొస్తే ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో చెప్పేవారుండరు. అందుకే ఓపిక ఉన్నప్పుడే తానే ఏరిపెట్టాలని కూర్చున్నారు.

బళ్ళారి ఇళ్ళలో ఇదీ సంగతి

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో ఉండిపోగా బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే ఇది తెలుగు నాటకానికి పెద్ద దిక్కు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు 'సరస వినోదిని సభ' నడిపింది ఇక్కడే. కోలాచలం శ్రీనివాసరావు 'సుమనోరమ సభ' పెట్టిందీ ఇక్కడే. ధర్మవరం వారి మేనల్లుడు బళ్ళారి రాఘవ (1880-1946) ఈ ఊరి పేరునే ఇంటిపేరు చేసుకున్నారు.

అందుకే ఇక్కడి పాత అలమరల్లో భారత భాగవతాల పక్కనే నాటకాల పుస్తకాలు, ప్రదర్శనల కరపత్రాలు, సన్మాన సంచికలు కనిపిస్తాయి. నటులు పెన్సిలుతో తమ పాత్ర మాటల కింద గీతలు గీసుకున్న ప్రతులూ ఉంటాయి. తూకం వేస్తే అన్నీ ఒకటే రద్దీ. చదవగలిగినవారికే తేడా తెలుస్తుంది.

ఖరీదు కాదు.. మళ్ళీ దొరుకుతుందా?

మాస్టారు మొదట ఖరీదైన పుస్తకాలు ఒకవైపు, చౌకవి ఒకవైపు పెట్టారు. రెండు రోజుల్లోనే ఆ పద్ధతి మానేశారు. ఎందుకంటే అట్ట బలంగా, బంగారు అక్షరాలతో ఉన్నవి చాలామటుకు ఇప్పటికీ అచ్చులో ఉన్నవే. ఇరవై పేజీల పలచటి నాటకం మాత్రం మరోచోట ఉందో లేదో చెప్పలేం. అప్పటినుంచి ఆయన ప్రతి పుస్తకాన్నీ ఒకే ప్రశ్న అడుగుతున్నారు.. 'నువ్వు పోతే మళ్ళీ దొరుకుతావా?'

ఆ లెక్కన మూడు కుప్పలయ్యాయి. ఒకటి, ఎప్పుడైనా కొనుక్కోగలిగినవి. కావ్యాలు, పేరున్న నవలలు, నిఘంటువులు ఇందులోకి వస్తాయి. 1947 జులైలో మొదలైన 'చందమామ' పాత సంచికలు కూడా చాలావరకు ఇంటర్నెట్‌లో స్కాన్లుగా దొరుకుతున్నాయి. ఈ కుప్పను ధైర్యంగా వదులుకోవచ్చు. రెండోది, స్థానికంగా అచ్చయినవి, మూతపడిన ప్రెస్సులవి, చేతిరాతలు ఉన్నవి. వీటిని భద్రమైన చోటికి చేర్చాలి. మూడోది, ఏ లెక్కకూ రాకపోయినా మనసు ఒప్పనివి. గోడ అలమర వీటికే.

రద్దీ కుప్పలోకి వెళ్ళిన ఓ పాత పంచాంగాన్ని మాస్టారి భార్య వెనక్కి తీశారు. 'ఇది పారేస్తారేమండీ? అత్తమ్మ రాసింది చూడలేదా?' అని పేజీ తిప్పి చూపించారు. ఇంట్లో పుట్టిన ఏడుగురి తిథి, వారం, నక్షత్రం, గడియలతో సహా అంచుల్లో రాసి ఉన్నాయి. వాటిలో నాలుగింటికి మరో ఆధారం లేదు. అప్పటినుంచి ప్రతి పుస్తకాన్నీ అట్ట నుంచి అట్ట దాకా తిరగేశాకే పక్కన పెడుతున్నారు. ఉత్తరాలు, ఫొటోలు, ఒక ఇంటి పన్ను రశీదు అలా బయటపడ్డాయి.

ఇచ్చేముందు ఓ మాట

గ్రంథాలయానికి ఇద్దామనుకునేవారు మూటలు కట్టి గుమ్మం ముందు దించితే లాభం లేదు. ఉన్న పుస్తకమే మళ్ళీ వస్తే వారికీ చోటు సమస్యే. ముందు జాబితా రాయాలి. పేరు, రచయిత, ప్రెస్, ఊరు, అచ్చయిన ఏడాది ఉంటే చాలు. ఆ జాబితా పంపి, కావలసినవి అడిగాకే కట్టాలి. పాత తెలుగు పుస్తకాలకు వేటపాలెంలోని సారస్వత నికేతనం (1918), హైదరాబాద్‌లోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం, కడపలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం పేరున్నవి. ఊళ్ళో తెలుగు చదివే పిల్లలున్న బడి ఉంటే కథల పుస్తకాలకు అంతకంటే మంచి చోటు లేదు.

పంపే ఖర్చుకు జంకేవారికి తపాలా శాఖ 2025 మే 1న మొదలుపెట్టిన 'జ్ఞాన్ పోస్ట్' ఉంది. మొదలైనప్పటి ధర 300 గ్రాముల దాకా రూ. 20, 5 కిలోల కట్టకు రూ. 100. పన్నులు అదనం. పత్రికలకు, వ్యాపార ప్రకటనలున్న వాటికి ఇది వర్తించదు.

స్కాన్ చేసి అందరికీ పెడదామనుకుంటే హక్కుల సంగతి చూసుకోవాలి. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు కాపీరైటు ఉంటుంది. కోలాచలం వారు 1919లోనే కాలం చేశారు కాబట్టి ఆయన నాటకాలకు ఆ అడ్డు లేదు.

పేరు పక్కింటి లిపిలోనూ..

మాస్టారు చేస్తున్న మరో పని మిగతా ఇళ్ళకూ పనికొస్తుంది. ఉంచుకున్న ప్రతి పుస్తకంలో ఒక చీటీ పెడుతున్నారు. పుస్తకం పేరు, ఇంటికి ఎలా వచ్చింది, ఎందుకు ఉంచారు అన్నవి కన్నడంలో రాస్తున్నారు. కన్నడ లిపి వచ్చినవారికి తెలుగు అక్షరం సగం తెలిసినట్టే. క, త లాంటి కొన్నిచోట్ల తడబడతారంతే. చీటీ చదివి, అట్ట మీది పేరుతో పోల్చుకుంటూ కొడుకు ఇప్పటికే కొన్ని కూడబలుక్కుంటున్నాడు.

బరంపురంలో ఒడియా, హోసూరులో తమిళం, షోలాపూర్‌లో మరాఠీ చదివే పిల్లలకు ఆ పోలిక కూడా దొరకదు. అక్కడి ఇళ్ళలో చీటీ అవసరం ఇంకా ఎక్కువ. ఇల్లు మారేదాకా ఆగనక్కర్లేదు. ఆదివారానికి ఒక అర చొప్పున, తెలుగు చదివే పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకుని పిల్లలే రాసుకోవచ్చు.