పరదేశమున చదువునకు పూచీ



పూర్వము మన పల్లెలనుండి పట్టణమునకు చదువునకై పోయిన పేదపిల్లలు వారములు చేసికొని చదువుకొనెడివారు. సోమవారము ఒకరియింట, మంగళవారము వేరొకరియింట భోజనము. ఆ యిండ్లవారు విస్తరి వేయుటకు ముందు, “నిన్నెరిగినవారీ యూరిలో ఎవరు?” అని అడిగెడివారు. అన్నము దొరకుట యెంత యవసరమో, పూచీపడు పెద్దమనిషి దొరకుటయు అంత యవసరము. నేడు అమెరికాకు వలసపోయిన కుటుంబముల పిల్లలకును ఈ రెండు కొరతలే కలవు. అచ్చట మొదటిదానిని విద్యార్థివేతనములును, రెండవదానిని ప్రతిభాసంఘములును కొంతవరకు తీర్చుచున్నవి.

ఆ దేశమున కమ్యూనిటీ కళాశాలలు రమారమి వేయి గలవు. 1901లో ఇల్లినాయి రాష్ట్రమందలి జోలియెట్ పట్టణమున ఇట్టి ప్రభుత్వ కళాశాల వెలసెను. వీనియందు రెండేండ్ల చదువు చెప్పుదురు. రుసుము విశ్వవిద్యాలయములలోకంటె చాల తక్కువ. ఇంగ్లీషు చక్కగ రానివారికి ఇంగ్లీషు కూడ నేర్పుదురు. పగలు పనిచేసికొని సాయంకాలము చదువవచ్చును. కావుననే వలసవచ్చినవారికి ఇది మొదటి మెట్టు.

అయితే పట్టము కావలెనన్నచో ఇటుపిమ్మట విశ్వవిద్యాలయమున చేరి మరి రెండేండ్లు చదువవలెను. చిక్కంతయు ఈ దాటుటలోనే యున్నది. చేరునప్పుడు నూటికి సుమారు 80 మంది పట్టము కోరుదురు. ఆరేండ్లలో దానిని పొందువారు 20 మందికి మించుట లేదు. తెలివి చాలక కాదు. ఇంటి యద్దెకును తిండికిని పనిగంటలు పెంచుకొందురు, పాఠములు తగ్గించుకొందురు. అట్లు ఏడు వెంబడి ఏడు జారిపోవును. విద్యార్థివేతనము కొనిపెట్టునది పుస్తకములను మాత్రమే కాదు, ఆ గంటలను.

ప్రభుత్వమిచ్చు సహాయములో ముఖ్యమైనది పెల్ గ్రాంటు. 1972లో ఏర్పడి, 1980లో సెనేటరు క్లెయిబోర్న్ పెల్ పేరు దాల్చినది. 2025–26లో దీని గరిష్ఠమొత్తము ఏటికి 7,395 డాలర్లు, తిరిగి తీర్పనక్కరలేదు. పౌరులకేగాక శాశ్వతనివాసము పొందినవారికిని, శరణార్థులకును ఇది లభించును. తాత్కాలికానుమతిపై నున్నవారి పిల్లలకు లభింపదు. ఈ నిబంధన మనవారికి గట్టిగ తగులును. హెచ్-1బి అనుమతిపై ఉద్యోగములకు వెళ్లిన తెలుగువారనేకులు శాశ్వతనివాసమునకై ఏండ్లతరబడి వేచియున్నారు. పసితనమున వెళ్లి అచ్చటనే పెరిగిన బిడ్డకైనను, 21 ఏండ్లు నిండగనే తలిదండ్రుల అనుమతి నీడ తొలగిపోవును. వేరుగ విద్యార్థియనుమతి సంపాదింపవలసివచ్చును.

అట్టివారికి దాతలు నెలకొల్పిన వేతనములే దిక్కు. వానిలో పెద్దది జాక్ కెంట్ కుక్ నిధివారిది. ఈ కుక్ కెనడాలో పుట్టి అమెరికాకు వచ్చి ధనికుడైనవాడు, 1997లో గతించెను. ఆయన పేర 2000లో ఏర్పడిన నిధి, కమ్యూనిటీ కళాశాలనుండి విశ్వవిద్యాలయమునకు దాటువారిలో కొందరికి ఏటికి 55,000 డాలర్లవరకు ఇచ్చుచున్నది. వలసవచ్చినవారును దీనిని పొందియున్నారు. కాని పోటీ తీవ్రము, నెగ్గువారు కొలదిమందియే.

ఇక పూచీ సంగతి. 1918లో మిస్సోరి రాష్ట్రమున ఫై థీటా కప్పా యను సంఘము పుట్టెను; 1929లో రెండేండ్ల కళాశాలల కన్నిటికిని ప్రతిభాసంఘముగ గుర్తింపబడెను. కొంత చదువు ముగించి, నాలుగింట సుమారు మూడున్నర సగటు తెచ్చుకొన్న విద్యార్థికి ఆహ్వానపత్రము వచ్చును. అనేక విశ్వవిద్యాలయములు ఈ సంఘసభ్యులకై ప్రత్యేకవేతనములు కేటాయించియున్నవి. సంఘమునకు ఒక ఉపాధ్యాయుడు సలహాదారుగ నుండును. సభ్యులు ఊరి సమస్య నొకదానిని పరిశీలించి, దానికి తగిన పని చేపట్టుదురు. సభలో నోరు విప్పుట కూడ ఎరుగని పిల్లవాడు అచ్చట నలుగురిలో మాటలాడుట నేర్చును. రేపు సిఫారసు వ్రాయవలసిన గురువు వానిని పేరుపెట్టి ఎరుగును. నా యెన్నికలో సభ్యత్వముకంటె ఈ పరిచయమే విలువైనది.

లోపము లేకపోలేదు. ప్రవేశరుసుము ఒక్కసారియే యైనను, బస్సుఛార్జి లెక్కించుకొనువానికి అది భారమే. కొన్ని కళాశాలలు తామే చెల్లించుచున్నవి. ఇంకొక చిత్రము: ఆహ్వానము రాగానే మోసపుజాబని భ్రమించి చించివేయువారు కలరు. అంతకుముందు కళాశాల మెట్లెక్కినవారెవరును లేని యింట, అది నిజమైనదని చెప్పువారెవరు? మీ మనుమలుగాని మేనల్లుండ్రుగాని అచ్చట ఇట్టి కళాశాలలో చదువుచుండినచో, జాబు చింపక, రుసుము పంపకమునుపే కళాశాలలోని సంఘసలహాదారు నడుగుమని వ్రాయుడు. జాబు అసలుదో కాదో, రుసుమును కళాశాల భరించునో లేదో ఆయనయే చెప్పగలడు.