మాతృభూమికి దూరమైన నవలాకారుడు

స్వేచ్ఛగా ఇల్లు విడిచి, తలచినప్పుడు తిరిగి రాగలవాడు యాత్రికుడు. తిరిగి వచ్చు దారి మూసికొనిపోయినవాడు నిర్వాసితుడు. అలెక్సాండర్ హెమన్ అను రచయిత యాత్రికుడుగా బయలుదేరి నిర్వాసితుడయ్యెను.

ఈతడు 1964వ సంవత్సరమున సారయేవో నగరమున జన్మించెను. ఆ నగరము నాడు యుగోస్లావియాలో ఉండెను. నేడు బోస్నియా హెర్జెగోవినా దేశమునకు రాజధాని. హెమన్ యౌవనమున అచ్చటి పత్రికలకు వ్రాయుచుండెడివాడు. 1992 ఆరంభమున అతడు అమెరికా చూచి వచ్చుటకై వెళ్లెను. మే నెల మొదటి దినమున చికాగో నుండి స్వదేశమునకు మరలవలసియుండెను. ఇంతలో ఏప్రిల్ నెలలో యుద్ధము చెలరేగెను. బోస్నియా సెర్బుల సేనలు చుట్టునున్న కొండలపై ఫిరంగులు నిలిపి సారయేవోను ముట్టడించెను. ఆ ముట్టడి 1996 ఫిబ్రవరి వరకు సాగెను. పదివేలమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి.

అప్పటికి హెమన్‌కు ఇరువదియేడేండ్లు. పరదేశమున పొట్టకూటికై చిల్లర పనులు చేసెను. ఆకలికంటె అతనిని ఎక్కువగా బాధించినది భాష. మాతృభాషలో వ్రాసినచో ఆ ఊరిలో చదువువారు లేరు. ఆంగ్లమున వ్రాయుటకు తగిన పాండిత్యము లేదు. ఐదేండ్లలో ఆంగ్లకథ నొకదానిని ప్రకటింపవలెనని అతడు గడువు పెట్టుకొనెను. గొప్ప గ్రంథములు చదువుచు, తెలియని మాటలకు గీత గీసి, నిఘంటువులో వెదకి నేర్చుకొనెను. గడువునకు ముందే, 1995లో, అతని కథ అచ్చయ్యెను.

2008లో ప్రకటించిన ‘ది లాజరస్ ప్రాజెక్ట్’ అతని ప్రసిద్ధ నవల. అందలి విషయము యథార్థము. 1903లో కిషినేవ్ నగరమున యూదులపై ఘోరమైన హత్యాకాండ జరిగెను. దానిని తప్పించుకొని అమెరికా చేరిన లాజరస్ అవెర్బుక్ అను యువకుని 1908లో చికాగో పోలీసు అధిపతి తన యింటనే కాల్చి చంపెను. అతడు అరాచకవాది యని, హత్య చేయ వచ్చెనని అధికారులు చెప్పిరి. అతడేల వచ్చెనో నేటికిని తెలియదు. నవలలో బోస్నియా నుండి వలసవచ్చిన రచయిత యొకడు, లాజరస్ గాథను వెదకుచు తూర్పు ఐరోపాకు పోవును. క్రొత్తవానిని ముందుగనే శత్రువుగా తలచు రాజకీయములు ఎంతటి అనర్థము తెచ్చునో ఈ నవల చూపుచున్నది.

పిదప హెమన్ ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున సృజనాత్మక రచన బోధించు ఆచార్యుడయ్యెను. ఒకప్పుడు నిఘంటువు ముందు పెట్టుకొని నేర్చిన భాషలోనే, ఆ భాష పుట్టుకతో వచ్చిన విద్యార్థులకు కథలు వ్రాయుట నేర్పెను.

వలసవచ్చినవారిని ప్రభుత్వములు సంఖ్యలతో లెక్కించును. ఆ సంఖ్యలోని ప్రతి మనుష్యునికి ఒక పేరు, ఒక ఊరు, విడిచివచ్చిన ఒక ఇల్లు కలవని నవలాకారుడు తెలుపును. పొట్ట చేతపట్టుకొని మన యూరికి వచ్చినవానిని సందేహించుటకు ముందు, అతని కథ యేమో అడిగి వినుట మన ధర్మము.