తలతొడుగులో నక్షత్రయాత్ర: తడబాటును తీర్చు విధము



నేను 35 సంవత్సరములు బడిపంతులుగా పనిచేసి, ఇప్పుడు బచ్చన్నపేటలో విశ్రాంతిగా నున్నవాడను. ఈ దినమున నేను ముచ్చటింపదలచిన విషయము మీకు వింతగా తోచవచ్చును. నేటి బాలురు తలకు తొడుగుకొని, ఆకాశమున విహరించునట్లు ఆడుకొను యంత్రమొకటి కలదు. దానిని వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ అందురు. మనము తలతొడుగు అనుకొందము. “ఇది పిల్లలాట, మాకేల?” అని మీరడుగవచ్చును. తొలుత నేనును అట్లే అంటిని.

నా మనుమడు హైదరాబాదులో చదువుచున్నాడు. చిన్ననాట వానిని డాబామీద ప్రక్కన పరుండబెట్టుకొని కృత్తికలను, రోహిణిని, మృగశిరను చూపినవాడను నేను. ఇప్పుడు నా మోకాళ్లు మెట్లెక్కనీయవు. సంక్రాంతి సెలవులకు వాడు తన కంప్యూటరును, తలతొడుగును తెచ్చి, “తాతా, నీవు డాబా ఎక్కనక్కరలేదు, కూర్చున్నచోటనే చుక్కలు చూపెదను” అని నా తలకు తొడిగెను. నిముషమైనను కాకమునుపే తల తిరిగి, కడుపులో త్రిప్పి, చెమటలు పట్టినవి. “తీసివేయుమురా, ఇది వట్టి మాయ!” అని కసరితిని. వాడు మారుమాటాడక తీసివేసి పెరటిలోనికి పోయెను. చిన్నబోయిన వాని మొగము తలపునకు వచ్చి నాకా రాత్రి నిద్రపట్టలేదు. మరునాడు నేనే వానిని పిలిచి, “లోపమెక్కడనున్నదో ఇద్దరము వెదకుదము” అంటిని. మూడుదినములు దానియెదుట కూర్చుండి తెలిసికొన్నదానినే మీకు విన్నవించుచున్నాను.

ఈ తలతొడుగులో రెండు కటకములుండును. ఒక్కొక్క కంటికి ఒక్కొక్క చిత్రము వేరుగా కనబడును. మనము తల ఎటు త్రిప్పిన అటు చిత్రమును మారును. 1968వ సంవత్సరముననే అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ అను శాస్త్రవేత్త ఇట్టిదానిని నిర్మించెను. అది మిక్కిలి బరువగుటచే పైకప్పునుండి వ్రేలాడదీయవలసివచ్చెను.

మన పొరుగున చేర్యాలలో నకాశీవారు వ్రాయు పటములను మీరెరుగుదురు. పటము చూపి కథ చెప్పునపుడు పాటకు సరిగా బొమ్మ విప్పబడవలెను. పాట ముందునకు పోయి బొమ్మ వెనుకబడినచో కథ చెడును. ఇచ్చట మన తల కదలికయే పాట, కంటియెదుటి చిత్రమే పటము. చెవిలోపల మూడు అర్ధవలయనాళములు కలవు. తల కదలగానే వానిలోని ద్రవము మెదడునకు వార్త పంపును. చెవి చెప్పినదానిని కన్నును చెప్పినచో సుఖము, రెండును వేరైనచో వికారము. మలుపులు తిరుగు బస్సులో పుస్తకము చదువువానికి డోకు వచ్చుటకును కారణమిదియే.

కంప్యూటరు ఎంత వేగముగా చిత్రింపవలెననగా, సెకనునకు 90 చిత్రములు చూపు తలతొడుగునకు ఒక్కొక్క చిత్రము సుమారు 11 మిల్లీసెకన్లలో, అదియు రెండు కన్నులకును, సిద్ధము కావలెను. మా కంప్యూటరునకు 20 పట్టుచుండెను. మనుమడు నాకు గొప్పగా చూపవలెనను ముచ్చటతో సొగసులన్నిటిని మిక్కిలి పెంచియుంచెను. గణములు తప్పిన పద్యమునకు ఎన్ని అలంకారములు తగిలించినను నడక రాదుగదా! తప్పు మా అమరికదే.

దిద్దుబాటు క్రమమిది. మొదట తలతొడుగును కన్నులకు సరిపెట్టవలెను. రెండు కనుపాపల నడిమి దూరము పెద్దలలో సగటున 63 మిల్లీమీటర్లు. మనిషిని బట్టి అది మారును గనుక కటకములను దానికి తగినట్లు జరుపవలెను. కటకములను మెత్తని పొడిబట్టతోనే తుడువవలెను.

రెండవది, కంప్యూటరులో పనిలేని కార్యక్రమములన్నిటిని మూసి, ఆటలోని నీడలు మొదలగు అలంకారములను కనిష్ఠమునకు దించవలెను. చిత్రపు స్పష్టతను పెంచు గుణకమును 1 వద్దనే నిలుపవలెను. దానిని 1.5 చేసినచో నిడివియు వెడల్పును పెరిగి, బిందువుల సంఖ్య 2.25 రెట్లగును. మా బరువంతయు అచ్చటనే యుండెను.

మూడవది, 90 అందనిచో 72నకు దిగవలెను. అప్పుడు చిత్రమునకు దాదాపు 14 మిల్లీసెకన్ల వ్యవధి దొరకును. తడబడు 90 కంటె నిలుకడగల 72 మేలు. యంత్రమే సగము చిత్రములను ఊహించి పూరించు ఉపాయమును కలదు. కాని వేగముగా కదలు వస్తువుల అంచులు నీటిలోని నీడవలె అల్లాడును. అది ఊతకఱ్ఱ మాత్రమే.

నాలుగవది, చిత్రము వచ్చు త్రోవ. తీగతో కలిపినచో వేగముగల యు.ఎస్.బి. తీగ వాడవలెను. వైఫై అయినచో 5 గిగాహెర్ట్జ్ తరంగమునే వాడి, రౌటరును ఆ గదిలోనే ఉంచి, కంప్యూటరును మాత్రము రౌటరునకు తీగతో కలుపవలెను.

పిమ్మట ఒక్కొక్క సొగసునే పెంచుచు పరీక్షింపవలెను. ఇచ్చట మేము మోసపోతిమి. శూన్యాకాశమున నిలిచి పరీక్షించి, అంతయు చక్కబడినదని సంతసించితిమి. అచ్చట చిత్రింపవలసినది చీకటియే గదా! ఓడ నిలయములోనికి ప్రవేశింపగానే మరల తడబడెను. కావున పరీక్ష ఎప్పుడును బరువైన చోటనే చేయవలెను.

ఇంత చేసినను ఓడ గిరగిర తిరిగినచో దేహము కదలకయే కన్ను తిరుగును గనుక కొందరికి వికారము తప్పదు. కూర్చుండియే ఆడవలెను. తొలిదినములలో ఐదునిముషములు చాలును. వికారము తోచగానే తీసివేయవలెను, ఓర్చుకొనరాదు. మూర్ఛరోగము కలవారు వైద్యునడుగక తొడుగరాదు. పసివారికి తొడుగుటకు ముందు తయారీదారులు వ్రాసిన వయోనియమమును చూడవలెను.

మేము చూచిన ఆట పేరు ఎలైట్ డేంజరస్. 2014లో ఇంగ్లండునందు వెలువడినది. పాలపుంతలోని 40,000 కోట్ల నక్షత్రవ్యవస్థలను గణితముచే కల్పించి, పట్టికలకెక్కిన నిజనక్షత్రములను లక్షకు పైగా వాని స్థానములలోనే నిలిపిరి. 1901లో హైదరాబాదున నెలకొన్న నిజామియా వేధశాలవంటి చోట్ల రాత్రులు మేల్కొని నక్షత్రస్థానములను కొలిచినవారి శ్రమ నాకు జ్ఞప్తికి వచ్చెను.

నాలుగవదినమున మరల తొడుగుకొంటిని. ఓడను కదలనీయక, మన సూర్యునికి చేరువననే నిలుపుమంటిని. తల మెల్లగా త్రిప్పితిని. చిత్రము తలతోడనే వచ్చెను. మృగశిర, దాని ప్రక్కన రోహిణి, ఆవల మన పల్లెలలో పిల్లలకోడి యని పిలుచు కృత్తికలు! సుమారు 440 కాంతిసంవత్సరముల దూరముననున్న ఆ చుక్కలను కుర్చీలో కూర్చుండి వ్రేలితో చూపుచు పేర్లు చెప్పితిని. నేను చూచునదియే కంప్యూటరు తెరమీద వానికిని కనబడుచుండెను. “తాతా, ఇంకొక్కమారు చెప్పు” అని వాడు చిన్ననాటివలె అడుగుచుండెను.

పెద్దలారా, మీ యింటికి మనుమలు ఇట్టి యంత్రమును తెచ్చినపుడు తల తిరిగినదని నావలె కసరకుడు. సొగసు తగ్గించి నడక సరిచేయుమని చెప్పి, ప్రక్కన కూర్చుండుడు. ఇక సెలవు.